డ్రాఫ్ట్ రోజుకు లోరెన్ ఇంటికొస్తే

జాన్స్‌టౌన్,
అక్టోబరు, మంగళవారం.

చిరంజీవి లోరెన్‌కు అక్క గ్రెటా దీవెనలతో రాస్తున్నది. అమ్మ, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావనే నమ్మకంతో కలం పట్టాను.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెబుతాను. డ్వేన్ అన్నయ్య మనవాళ్ళు ఆడుకునే ఫుట్‌బాల్ లీగ్‌లో ఆటగాళ్ళను మార్చుకోవడానికి నీకు మరో షరతు ట్రేడ్ పంపాడనీ, దానికి సరేనని రాయబోతున్నాననీ పోయిన ఉత్తరంలో అన్నావు. పెరోల్ కాగితాల్లో నువ్వు ఉండబోయే ఇల్లుగా మళ్ళీ అన్నయ్య ఇల్లే రాయిస్తున్నానని కూడా అన్నావు. ఆ రెండు పనులూ చెయ్యకు. శుక్రవారం జైల్లో నీ కౌన్సెలర్‌ను కలిసే లోపల ఇది నీకు అందాలని ఈ రోజే పోస్టు చేస్తున్నాను. కారణం చెప్పడానికి నేను కొంత వెనక్కి వెళ్ళాలి. ఓపికగా చదువు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. అమ్మ తుంటి నయం. కర్ర పట్టుకునే నడుస్తున్నది గాని, లిఫ్ట్ దగ్గర ఎవరైనా చూస్తుంటే కర్రను చంకలో పెట్టుకుంటుంది. ఆదివారం క్యాబేజీ నూడుల్స్ చేసి, నీ వంతు కూడా గిన్నెలో తీసి మూత పెట్టింది. సాయంత్రం దాన్ని నా చేత తినిపించింది. నీ గదికి కొన్న పరుపు గట్టిదా, మెత్తదా అని అడిగావు. గట్టిదే. అమ్మ దుకాణంలో చెప్పులు విడిచి పరుపు మీద బోర్లా పడుకుని, "మా చిన్నవాడు ఇలాగే పడుకుంటాడు బాబూ, మెత్తదైతే ముక్కు మునిగిపోతుంది" అని అమ్మేవాడికి చెప్పింది. అతను నవ్వలేదు. మంచివాడు.

నువ్వు ట్రేడ్‌లో ఇచ్చేసిన బాస్కిన్ సంగతి అడిగావు. అతని మడమ మూడో ఆటలోనే బెణికింది. ఇప్పుడు అన్నయ్య జట్టులో బెంచీ మీద ఉన్నాడు. దానివల్ల అన్నయ్యకు నష్టమేమీ లేదు. అన్నయ్యను నిలబెడుతున్నది మొదటి పిక్‌తో, అంటే అందరికన్నా ముందు ఎంచుకునే వంతుతో, దక్కిన కొత్త కుర్రాడు. అమ్మకు ఈ ఆట ఇప్పటికీ అర్థం కాదు. "ఆ కుర్రాడు మన డ్వేన్ దగ్గర పని చేస్తాడా?" అని మొన్న అడిగింది. "లేదమ్మా, అతను వేరే ఊళ్ళో ఎవరికో ఆడతాడు. అన్నయ్య అతని పేరు ఎంచుకున్నాడు. ఆదివారం అతను మైదానంలో పరిగెత్తిన కొద్దీ అన్నయ్యకు పాయింట్లు" అన్నాను. "పరిగెత్తేది వాడు, గెలిచేది వీడూనా?" అంది. నేను ఇన్నేళ్ళుగా లీగ్ పెద్దగా ఉండి కూడా ఇంత పొందికగా ఎన్నడూ చెప్పలేకపోయాను.

ఈసారి అందరం కూర్చుని ఆటగాళ్ళను ఎంచుకున్న డ్రాఫ్ట్ ఎలా జరిగిందో వివరంగా రాయలేదేమని నువ్వు రెండు ఉత్తరాల్లో అడిగావు. ఇప్పుడు రాస్తాను.

ఏప్రిల్‌లో పెరోల్ బోర్డు నిన్ను విడుదల చెయ్యవచ్చని చెప్పింది. ఉండటానికి ఆమోదం పొందిన ఇల్లు చూపిస్తే చాలన్నది. అమ్మ ఉండే వృద్ధుల భవనంలో శిక్ష పడినవాళ్ళను ఉండనివ్వరు. నా అద్దె ఇంటి యజమాని ఒప్పుకోలేదు. అప్పుడు అన్నయ్య తన గారేజీ మీది గది నీకిస్తానన్నాడు. ఆ వారమే నీకు ట్రేడ్ పంపాడు: బాస్కిన్‌ను తనకు ఇవ్వాలి. "డ్రాఫ్ట్ రోజుకు లోరెన్ ఇంటికొస్తే" అన్నయ్య మొదటి పిక్ నీది. రాకపోతే అతని ఆఖరి పిక్ నీది. నిరుడు అన్నయ్య అట్టడుగున నిలిచాడు కాబట్టి అతని మొదటి పిక్ అంటే లీగ్ మొత్తానికీ మొదటి పిక్. అది విని అమ్మ కళ్ళు తుడుచుకుంది. "అన్నయ్యకు నా మీద ఎంత నమ్మకమో, నేను బయటికొస్తాననే పందెం కాశాడు" అని నువ్వు రాశావు. లీగ్ పెద్దగా దానికి ముద్ర వేసింది నేనే.

నా వృత్తి నీకు తెలుసు. దుకాణాల్లో త్రాసులు, బంకుల్లో పెట్రోలు పంపులు సరిగా కొలుస్తున్నాయో లేదో చూస్తాను. సరుకు అమ్మేవాడి చెయ్యి తక్కెడ మీద ఉండకూడదనేది మా పనిలో మొదటి పాఠం. స్టష్ మామయ్య ఒకసారి "నేను ఈ ఆటగాణ్ణి ఆరు వారాలు ఆడిస్తే నా రెండో పిక్ నీకు" అని షరతు రాసి, ఆరో వారం అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి పిక్ మిగుల్చుకున్నాడు, గుర్తుందా? ఆ ఏడాదే నేను నియమం పెట్టాను: షరతు నెరవేరడం, నెరవేరకపోవడం ఇద్దరిలో ఎవరి చేతిలోనూ ఉండకూడదు. బాస్కిన్ ఎన్ని ఆటలు ఆడతాడన్నది షరతు కావచ్చు. ఎవరు ఎవరిని ఆడిస్తారన్నది కారాదు. ఆ కొలతను ఆటగాళ్ళకు పెట్టాను గాని నీకు పెట్టలేదు. నువ్వు వస్తావా రావా అన్నది బోర్డు చేతిలో ఉందనుకున్నాను. గది తాళం అన్నయ్య జేబులో ఉందన్నది నా బుర్రకు తట్టలేదు.

డ్రాఫ్ట్ మామూలుగానే అన్నయ్య గారేజీలో జరిగింది. హామ్ సాండ్‌విచ్‌లు, బీరు, నిరుడు ఓడినందుకు శిక్షగా అన్నయ్య హైవే పక్కన "నాకు ఫుట్‌బాల్ రాదు, హారన్ కొట్టండి" అని అట్ట పట్టుకుని నిలబడ్డ ఫోటో, అదీ పటం కట్టించినది. అతని దగ్గర హీటర్లు కొనేవాళ్ళు ఏడాదంతా దుకాణం ముందు హారన్ కొట్టి పోతున్నారు. నవ్వుతూ చెబుతాడు గాని, హారన్ మోగినప్పుడల్లా అతని మెడ ఎర్రబడటం నేను చూశాను.

ఆటగాళ్ళ పేర్ల కాగితాన్ని గోడకు అంటించలేదు. అమ్మ కొన్న పరుపును నిలువుగా నిలబెట్టి, ప్లాస్టిక్ తొడుగు మీద గుండుసూదులతో గుచ్చారు.

"ఒరేయ్ డ్వేన్, ఆ పరుపేంట్రా అక్కడ? ఓడినోడు పడుకుని ఏడవటానికా?" అన్నాడు స్టష్ మామయ్య.

"అది మా లోరెన్‌గాడి సీటు మామయ్యా. వాడి బదులు అదొచ్చింది. ఎంత బుద్ధిమంతురాలో చూడు, బీరు కూడా అడగట్లేదు."

"వాడొచ్చుంటే ఇవాళ నీ మొదటి పిక్ ఎగిరిపోయుండేది కదరా!"

"ఎగరలేదు కదా. అంతా సర్కారువారి దయ." అన్నయ్య బీరు డబ్బా పైకెత్తి, ముందుగా ఆ కొత్త కుర్రాడి పేరు చెప్పాడు.

అందరూ నవ్వారు. నేను కూడా మర్యాదకు నవ్వాను. అందరూ ఎంచుకోగా మిగిలిన పేర్లలోంచి నీ ఆఖరి పిక్‌కు బంతి తన్నే కిక్కర్ ఒకడు దొరికాడు, తన్నిన బంతిని తరచూ గాలివాన పక్కకు కొట్టే ఊరివాడు.

ఆ తరవాత రెండు వారాలకు కొలీన్ వదిన నన్ను వాళ్ళ వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"గ్రెటా, నే చెప్పానని తెలిస్తే ఆయన నా ప్రాణం తీస్తాడు. కానీ మీ అమ్మ ఫోన్ చేసి 'ఆ పెరోల్ ఆఫీసరు ఇంకా రాలేదా అమ్మాయ్, గది చూసుకోటానికి?' అని అడిగినప్పుడల్లా నాకు ముద్ద దిగట్లేదు."

"రాలేదా వదినా?"

"వచ్చాడు. ఆగస్టులోనే వచ్చాడు. మెట్లు కూడా ఎక్కనివ్వలేదు మీ అన్నయ్య. కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. 'గది ఖాళీ లేదండీ, అనుకున్నాం గానీ కుదర్లేదు' అన్నాడు. 'మీ తమ్ముడికి తెలుసా?' అని అడిగాడతను. 'నే చెప్తాలెండి' అన్నాడు ఈయన."

"చెప్పలేదు."

"తలుపేసి నా వైపు తిరిగి ఏమన్నాడో తెలుసా? 'పిక్ మిగిలింది' అన్నాడు. నవ్వుతూ. పరాచికమేమో, నాకు తెలీదు. నేనూ నవ్వేశాను గ్రెటా. ఆ నవ్వే నన్ను తినేస్తోంది."

తమ్ముడూ, ఇదే నేను నీకు చెప్పకుండా దాచిన మాట. నీ ఇల్లు ఆమోదం కాలేదన్న కబురు నీకు వచ్చింది గాని, కాదన్నది ఎవరో అందులో లేదు. ఆఫీసువాళ్ళు ఆలస్యం చేస్తున్నారని అమ్మ అనుకుంటున్నది. నువ్వు నీలో తప్పులు వెతుక్కుంటున్నావు. "లోపల నేనేం చేశానని ఆపారు?" అని అడిగావు. నువ్వు ఏమీ చెయ్యలేదు. ఆ వాక్యాన్ని మరోసారి చదువుకో.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య దుకాణానికి వెళ్ళాను.

"ఆఫీసరు వచ్చాడట కదా అన్నయ్యా."

"ఎవరు కూశారు? కొలీనా?"

"ఎందుకు కాదన్నావు?"

"కొలీన్‌కి భయమే. వాడు మందుల షాపు తలుపులు పగలగొట్టినోడు."

"వదినే కదా నాతో చెప్పింది."

"సరే, ఇంటి బీమా పెరుగుద్ది."

"బీమావాళ్ళను అడిగావా?"

అతను ఒక హీటరు మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. "వాడు మళ్ళీ ఆ బిళ్ళలు మింగి నా గారేజీ పైన చచ్చి పడుంటే? పైకెళ్ళి చూసేది నేనేగా, నువ్వు కాదుగా."

అది న్యాయమైన భయమే లోరెన్. ఆ మాటను నేను తోసిపుచ్చలేదు. "ఆ మాట ఏప్రిల్‌లోనే చెబితే మరో చోటు చూసేదాన్ని కదా" అన్నాను.

"అప్పుడే చెప్తే పందెం ఎక్కడుంటదే?" అన్నాడు. అన్న తరవాత తనే తడబడి, వెంటనే గొంతు పెంచాడు. "ఏమే, ఒక పిక్ కోసం తమ్ముణ్ణి జైల్లోనే ఉంచేటంత నీచుణ్ణా నేను? షరతుకు ముద్ర కొట్టింది నువ్వు. 'ఇంటికొస్తే' అని ఉంది. ఎందుకు రాలేదో కనుక్కోవాలని ఏ రూల్లో ఉంది, చూపించు!"

"మరి ఇప్పుడు మళ్ళీ షరతెందుకు పంపావు? నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కు వాడు ఇంటికి రాకపోతే వాడి జట్టులో బంతి అందుకునే మంచి రిసీవర్ నీకనీ?"

"వాడికి సరదా అది. లోపల వాడికి ఇంకేముందే?"

బయట ఎవరో హారన్ కొట్టి పోయారు. అతని మెడ ఎర్రబడింది. నేను వచ్చేశాను.

ఆ ట్రేడ్ రద్దని లీగ్‌కు రాశాను. కుదరదన్నారు. సీజన్ మధ్యలో పాయింట్లు వెనక్కి తీస్తే అందరి లెక్కలూ మారతాయట. ఓట్లు పెట్టారు. స్టష్ మామయ్య నాకు ఫోన్ చేసి, "వాడికి జరిగింది అన్యాయమే అమ్మాయ్, నేను కాదనను. కానీ పాయింట్లు పాయింట్లే" అన్నాడు. నా వైపు ఓటు వేసింది అన్నయ్య పెద్ద కొడుకు రస్టీ ఒక్కడే. అతను ఇప్పుడు ఇంట్లో తండ్రితో మాట్లాడటం లేదు. నేను లీగ్ పెద్దరికం వదిలేశాను. అన్నయ్య ప్రస్తుతం లీగ్‌లో పైస్థానంలో ఉన్నాడు. ఈ ఏడాది అతనికి అట్ట పట్టుకునే గండం లేదు. అట్టడుగున ఉన్నది నీ జట్టు. డిసెంబరులో శిక్ష ఫోటో దిగడానికి నువ్వు అందుబాటులో ఉండవు కాబట్టి, నీ బదులు పరుపును హైవే పక్కన నిలబెడదామని ఒకరు లీగ్ ఫోన్ గుంపులో రాశారు. ఎవరన్నదీ చెప్పను. దానికి నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళందరి చేతి ముద్దలూ చిన్నప్పుడు నువ్వు తిన్నవే.

పరుపు ఇప్పుడు అక్కడ లేదు. నా బండి పైన తాళ్ళతో కట్టి తెచ్చుకున్నాను. ప్లాస్టిక్ నిండా గుండుసూది కన్నాలు ఉన్నాయి, పరుపుకు ఏమీ కాలేదు. మాక్సమ్ పేటలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. కింది గది నీది. కిటికీ తూర్పుకు ఉంది, తలుపు గడియ కాస్త బిగువు. నీ గురించి యజమానురాలికి ఏమీ దాచకుండా చెప్పాను. ఆమె "చలికాలంలో వాకిట్లో మంచు పారతో తీస్తాడా?" అని మాత్రం అడిగింది. తీస్తాడన్నాను. నీ తరఫున ఇచ్చిన ఆ ఒక్క మాటా నిలబెట్టు.

ఇక నువ్వు చెయ్యవలసింది. శుక్రవారం కౌన్సెలర్ దగ్గర అన్నయ్య చిరునామా కొట్టేయించి, ఈ ఉత్తరంతో విడి కాగితం మీద రాసి పెట్టిన నా కొత్త చిరునామా రాయించు. పాత చిరునామా మీదే సంతకం పెడితే ఆఫీసరు మళ్ళీ అదే గుమ్మానికి వెళ్తాడు, చలికాలమంతా నువ్వు జైల్లోనే ఉంటావు. ట్రేడ్‌కు జవాబు రాయకు. ఇకమీదట ఆటగాళ్ళ కాళ్ళ మీద ఎన్ని షరతులైనా రాసుకో, నీ రాకపోకల మీద ఎవరితోనూ ఒక్కటి కూడా వద్దు. అన్నయ్యకు కోపంగా రాయాలనిపిస్తే ముందు నాకు రాయి. అమ్మకు ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది నీకే వదిలేస్తున్నాను. గుమ్మంలో ఆపింది నిన్ను.

నిశ్చయంగా తెలియనివి రెండు ఉన్నాయి, వాటిని కూడా దాచను. మన వీధి చివర ఒక మందుల షాపు ఉంది. దాని వల్ల ఆఫీసరు ఈ ఇంటిని కాదంటాడో లేదో నాకు తెలియదు. అడిగితే, వచ్చి చూశాక చెబుతానన్నాడు. రెండోది, ఆ పందెమే లేకపోతే ఆగస్టులో అన్నయ్య అతన్ని మెట్లెక్కనిచ్చేవాడా? అదీ నాకు తెలియదు. అన్నయ్యకు కూడా తెలియదనే నా అనుమానం.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
గ్రెటా