పదిహేడో నెంబరు బొటనవేలు

ఏప్రిల్ 24

మిట్టమధ్యాహ్నం గేటు దగ్గర తూలుతున్న మనిషిని చూసి తాగేశాడని ఎందుకు అనుకున్నాను? మూడు వేసవులుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. అప్పటి మా వాచ్‌మన్ దేముడు. మాట ముద్దముద్దగా వస్తోంది. నేనెవరో గుర్తుపట్టలేదు. అసోసియేషన్‌కి కంప్లయింట్ చేసి, లోపలికొచ్చి ఏసీ వేసుకుని పడుకున్నాను. సాయంత్రం దాకా అతన్ని ఎవరూ ముట్టుకోలేదు. తీరా చూస్తే వడదెబ్బ. ప్రాణం దక్కింది, ఉద్యోగం దక్కలేదు. రావికమతం వెళ్ళిపోయాడు. మా ఇంట్లో పనిచేసే కుమారిదీ ఆ ఊరే. ఇప్పటికీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటాడట.

అప్పట్నుంచి నాకు ప్రతిదీ అనుమానమే. మా ఆయన నాది జబ్బంటారు. పాలల్లో నీళ్ళున్నాయేమోనని లోకమంతా అనుమానిస్తుంది, నీళ్ళల్లో పాలున్నాయేమోనని నువ్వొక్కదానివే అనుమానిస్తావు, అంటారు.

ఈ రోజు నలభై రెండు డిగ్రీలు. కాలేజీకి సెలవులు. కాలనీ గ్రూపులో సెక్రటరీ నానాజీ గారు కొత్త రూల్ పెట్టారు. పొద్దున్నే ఆయన ఎండ హెచ్చరికలు, కరెంటు కోతలు పోస్ట్ చేస్తారు. మధ్యాహ్నం రెండింటికి ప్రతి ఇల్లూ తన నెంబరు, పక్కన బొటనవేలు బొమ్మ పెట్టాలి. అంటే ఆ ఇంట్లో అందరూ క్షేమం. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో టైమాఫీసు చూసి రిటైరయిన మనిషి. హాజరు వేయకపోతే అన్నం సహించదు.

ముప్పై ఆరు ఇళ్ళు. ముప్పై ఆరు బొటనవేళ్ళు వచ్చాయి.

ఏప్రిల్ 27

మా ఎదురిల్లు, పదిహేడో నెంబరు బొటనవేలు రోజూ సరిగ్గా రెండింటికే వస్తోంది. నిమిషం అటూ ఇటూ కాదు. పగలు ఆ ఇంట్లో ఉండేది అప్పాయమ్మ ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి. పూడిమడక నుంచి వచ్చి నలభై ఏళ్ళు ఊరూరా చేపలమ్మింది. ఆమె చేతిలో బటన్ల ఫోన్ తప్ప ఇంకోటి నేను చూడలేదు. మరి గ్రూపులో ఆ వేలు ఎవరిది?

ఏప్రిల్ 28

ఆ ఇంటి వీధి తలుపుకి బయట తాళం.

ఏప్రిల్ 30

మూడు రోజులుగా చూస్తున్నాను. కూతురు గంగాభవాని, అల్లుడు ఇద్దరూ ఫార్మా కంపెనీలోనే. ఏడింటికి తాళం వేసి బస్సెక్కుతారు. పగలు ఏసీ తిరిగిన చప్పుడు లేదు. నేనేమో కరివేపాకు వంకతో ఆ ఇంటి ముందు రోజుకి నాలుగుసార్లు. మీకు సీరియల్ అక్కర్లేదండి మేడమ్, పదిహేడో నెంబరు సాలు, అంది కుమారి.

నానాజీ గారికి చెప్పాను. ఆయన ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టారు. ఏలు వచ్చిందంటే మనిషి ఉన్నట్టే కదండి, అన్నారు. వేలు ఉంటే చాలా?

మే 3, మ. 3.30

రెండింటికి బొటనవేలు వచ్చింది. రెండూ పదికి వెళ్ళి బెల్ కొట్టాను. పలకలేదు. పిలిచాను. పలకలేదు. ఆ ఎండలో తాళం వైపు చూస్తూ నిలబడితే నాకు దేముడే కనిపించాడు. పరుగెత్తి నానాజీ గారిని, కొత్త వాచ్‌మన్‌ని తీసుకొచ్చాను. సుత్తితో మూడు దెబ్బలకి తాళం ఊడింది.

అప్పుడు మా వెనకనుంచి అప్పాయమ్మ గొంతు. తల తడుపుకుని, తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది. ఓలమ్మో, దొంగలు రేత్రొత్తారని ఇన్నాను గానీ, మిట్టమద్దేనం సెక్రట్రీ గార్ని ఎంటెట్టుకుని వత్తారేటి, అని ఒకటే నవ్వు.

పెరటి తలుపు తాళంచెవి ఆమె కొంగుకే ఉంది. బెల్ కొట్టిన ప్రతివాడికీ తలుపు తీసి కబుర్లు పెట్టుకుంటోందని వీధి తలుపుకి తాళం వేస్తున్నారట. ఏసీ పడితే మోకాళ్ళు పట్టేస్తాయట, ఫ్యాను చాలట. లంచ్ టైములో కూతురు ఫోన్ చేస్తుంది, బాగున్నానని ఈమె చెబుతుంది, కూతురు తన ఫోన్లోంచి వేలు పెడుతుంది. అంతే సంగతి.

నానాజీ గారు విరిగిన తాళం తీసి నా చేతిలో పెట్టారు.

మే 3, సా. 6.30

గంగాభవాని వచ్చింది. కూర్చోలేదు. మాయమ్మని తాళమేసి సంపేత్తన్నాననుకున్నారా మేడమ్, అంది. ఎదురుగా ఉన్న ఇల్లే కదా, నన్నో మాట అడిగితే సెప్పనా, అంది.

ఆరు రోజులు చూశాను. ఒక్కసారి అడగలేదు.

మే 4

పదిహేడో నెంబరు గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ముప్పై అయిదు బొటనవేళ్ళు.

మే 7

కిటికీకి కర్టెన్ వేసేశాను. చూడటం మానడం, అనుమానం మానడం ఒకటి కావు.

మే 9, సా. 5.00

వరసగా రాయాలి.

పొద్దున్న నానాజీ గారి పోస్ట్: ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు, పదకొండు నుంచి నాలుగు దాకా కరెంటు ఉండదు, ఇన్వర్టర్ లేనివాళ్ళు క్లబ్ హౌస్‌కి రండి, జనరేటర్ మీద కూలర్లు పెడుతున్నాం. అందరం వెళ్ళాం. ముసలివాళ్ళు, పిల్లలు, మజ్జిగ, అష్టాచెమ్మా. పెళ్ళివారి విడిదిలా ఉంది. ఒకటిన్నరకి నాకు తట్టింది. అప్పాయమ్మ లేదు.

పోస్ట్ వెళ్ళింది గ్రూపుకే. వాళ్ళు గ్రూపులో లేరు. ఎందుకు లేరో నాకు తెలుసు.

తట్టింది ఒకటిన్నరకి. లేచింది రెండూ పదికి. ఆ నలభై నిమిషాలూ కూలర్ ముందు కూర్చుని నాతో నేను వాదించుకున్నాను. ఇన్వర్టర్ ఉండొచ్చు. కూతురు ఫోన్ చేసే ఉంటుంది. మళ్ళీ వెళ్తే ఏమంటారు?

పెరటి తలుపు తెరిచే ఉంది. అప్పాయమ్మ వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బాగున్నారా అన్నాను. బాగున్నానమ్మా, నువ్వెల్లు, అంది. అంతకు ముందే కూతురు ఫోన్ చేస్తే అదే మాట చెప్పిందట. తర్వాత తెలిసింది. నేను వెనక్కి తిరిగాను కూడా. అప్పుడు, గంప ఎత్తమ్మా బేగి, బస్సెలిపోతాది, అంది.

ఆమె చేపల గంప దించేసి పదేళ్ళయింది. పైగా ఆ ముద్దమాట. అది నేను ఇదివరకు విన్నాను, మూడేళ్ళ క్రితం, గేటు దగ్గర. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలింది. చెమట చుక్క లేదు.

నా వెనకే వచ్చిన నానాజీ గారు, నిద్రమత్తండి, ముసిలోళ్ళకి మామూలే, మళ్ళీ మొదలెట్టకండి మేడమ్, అన్నారు. నేను 108కి చేశాను. ఇద్దరం కలిసి పెరటి నీడలోకి మోశాం. బకెట్లతో ఒళ్ళంతా తడిపాను. మెడకి, చంకల్లో తడిగుడ్డలు పెట్టి చేటతో విసురుతూనే ఉన్నాను. ఆయన గ్లాసుతో నీళ్ళు ఆమె నోటి దాకా తెచ్చారు. చెయ్యి పట్టుకుని ఆపాను. స్పృహ సరిగా లేనివాళ్ళకి నీళ్ళు పట్టకూడదని కిందటి వారం ఆయనే పోస్ట్ చేశారు. అందరం దానికీ బొటనవేలు పెట్టాం. ఎవరు చదివారో?

అంబులెన్స్ ఎక్కించేటప్పుడు కూడా ఆమె కళ్ళు గంప కోసం వెతుకుతూనే ఉన్నాయి.

మే 10

బతికింది. పొద్దున్న కూతుర్ని గుర్తుపట్టిందట.

ఆసుపత్రి వరండాలో గంగాభవాని నా రెండు చేతులూ పట్టుకుంది. మీ అనుమానమే మాయమ్మని కాసింది మేడమ్, అని ఏడ్చింది. గ్రూపులో ఉండుంటే కరెంటు కబురు నీకు అందేది, నీతో గ్రూపు మాన్పించింది నేనే, అని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె తెచ్చిన టీ తాగి వచ్చేశాను.

మే 15

అప్పాయమ్మ ఇంటికొచ్చింది. పదిహేడో నెంబరు మళ్ళీ గ్రూపులో చేరింది. సరిగ్గా రెండింటికి బొటనవేలు వచ్చింది.

గంగాభవానికి ఫోన్ చేసి, ఒకసారి వెళ్ళి చూసిరానా అని అడిగాను. ఎల్లండి మేడమ్, అంది. చెప్పులు వేసుకుని ఇది రాస్తున్నాను.

నా అనుమానం ఆమెని కాపాడిందో, ఆ వంటింటి గోడ దగ్గరికి చేర్చిందో, ఇంకా తేల్చుకోలేదు.