కె. సరళ పేరు మీద

2008 ఆగస్టు, మంగళవారం

ప్రమోషన్ ఇంటర్వ్యూ అయింది. ఇప్పపువ్వు మీద నా రీసెర్చ్ పేపర్లను వేరేవాళ్లు ఎన్నిసార్లు ఉదహరించిన్రో పెద్దసారు కంప్యూటర్ల చూసిండు. "కె. సరళ పేరు మీద ఏం లేదమ్మా. అందరూ పి. సరళ పేపర్లనే చెప్తున్నరు. ఆమెతో కలిసి పనిచేయరాదూ?" అన్నడు.

పెళ్లికి ముందు పి. సరళను నేనే. భద్రాచలం అడవిల తిరిగి, మలేరియా తెచ్చుకొని చేసిన పని అది. పెళ్లయినంక అత్తమ్మ పట్టుబట్టి రికార్డుల్ల ఇంటిపేరు మార్పించింది. ఆ మాట సారుకు చెప్పాలె గదా. "అవ్ సార్" అని లేచి వచ్చిన. ఎందుకు చెప్పలేదో తెల్వదు. కోపం గూడ రాలేదు.

ఇంటికొచ్చినంక అత్తమ్మ "ఏమన్నరు?" అని అడిగింది.

"ఇంకొకామెతో కలిసి పనిచేయమన్నరు."

"మంచిదే గదా. ఆమెను ఒకసారి మనింటికి పిలువు" అన్నది.