ఎడమ ఛానెల్

జూన్ 3, మంగళవారం

ఆ అప్‌గ్రేడ్ బటన్ నన్నెవరు నొక్కమన్నారు? స్క్రీన్ మూలన కూర్చుని రోజూ గుర్తు చేస్తుంటే విసుగొచ్చి నొక్కాను. గంటన్నర తిరిగింది. కొత్త స్క్రీన్ ముచ్చటగానే ఉంది, సౌండ్ మాత్రం నాశనం. భానుశ్రీగారి గొంతు కుండలోంచి వస్తున్నట్టుంది. మధ్యమధ్య చిటపట. ఎడమవైపు మరీ మందం. ఆవిడ చదివి పంపిన పిల్లల కథల్లో ఊపిరి చప్పుళ్లూ, పెదాల చప్పుళ్లూ తీసేసి నెలాఖరుకి ఇవ్వాలి. నాకు అన్నం పెట్టేది ఈ చెవులే. వాటికి వినిపించే పెట్టె ఇలా తయారైతే ఏం చేయను?

జూన్ 4

డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. రీస్టార్ట్. పాత డ్రైవర్ వేశాను. రీస్టార్ట్. ఫోరమ్‌లో ఒకడు ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయమన్నాడు, ఇంకొకడు ఆపితే అంతే సంగతులన్నాడు. ఇద్దరి మాటా విన్నాను. ఇద్దరూ ఏట్లో పడ.

మా ఆయన రాంబాబు కొండపల్లిలో డ్యూటీ దిగి వచ్చి, వంటింట్లోంచి ఎన్నిసార్లు పిలిచినా పలకవేంటే అన్నాడు. పనిలో ఉన్నదాన్ని ఎలా పలుకుతాను?

జూన్ 6

పటమట నుంచి మణికుమార్ వచ్చాడు. కంప్యూటర్ కొన్నప్పటి నుంచీ దీనికి వైద్యం అతనే. సెట్టింగుల్లో శాంపుల్ రేట్ ఏదో మార్చాడు, చిటపట పోయింది. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. కానీ ఎడమ పక్క మందం పోలేదు. సన్నగా గుయ్‌మని హమ్ కూడా ఉంది. అతను హెడ్‌సెట్ పెట్టుకుని విన్నాడు. రెండు పక్కలా బానే ఉందిగా అక్కా, హమ్ కూడా ఏం లేదే అన్నాడు. ఓసారి హెడ్‌సెట్ తిప్పి పెట్టుకుని చూడండక్కా, మందం కుడి చెవికి మారితే సిస్టమ్‌ది, మారకపోతే మరి, అని అక్కడ ఆగి టీ తాగేశాడు.

తర్వాత చూస్తాలే అన్నాను.

జూన్ 7

తిప్పి చూడలేదు. తీరిక లేదు.

జూన్ 9, సోమవారం

హమ్ అంటే ఎర్తింగ్ సమస్యే. ప్లగ్ మార్చాను. యూపీఎస్ పీకేశాను. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టినా గుయ్‌మంటూనే ఉంది. ఫ్రిజ్ అయ్యుంటుందని ఫ్రిజ్ ఆపాను. మళ్లీ వేయడం మర్చిపోయాను. పాలు విరిగాయి, నాన్న పంపిన చందువా చేప ముక్కలు వాసనొచ్చాయి. రాంబాబు కిటికీలు తెరిచాడు. తిట్టినా బాగుండేది.

నాన్న గుర్తొస్తున్నాడు. గిలకలదిండి రేవులో చేపల బోటు ఇంజన్ పక్కనే ఆయన బతుకంతా గడిచింది. చెవులు పోతున్నాయని ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. ఈ ఫోన్ బాగోలేదమ్మా అనేవాడు. మార్చాం. అదీ బాగోలేదన్నాడు. మళ్లీ మార్చాం. పదిమందిలో కూర్చున్నప్పుడు అందరూ నవ్వాక, వాళ్ల మొహాలు చూసి, కాస్త ఆలస్యంగా నవ్వేవాడు మా నాన్న కొండలయ్య.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నాను? నేను రాసుకోవలసింది కంప్యూటర్ సంగతి.

జూన్ 11

దారి దొరికింది. ఫైళ్లలోనే ఎడమ ఛానెల్ పెంచేశాను. ఇప్పుడు రెండు పక్కలా సమానంగా వినిపిస్తోంది. నాలుగు కథలు పంపేశాను. హాయిగా ఉంది.

జూన్ 13

భానుశ్రీగారి ఫోన్. ఏవండీ, కథంతా ఎడమ చెవిలోనే అరుస్తున్నట్టుందండీ, ఇంట్లో విన్నా కార్లో విన్నా అంతే, ఓసారి మీ చెవులతో మీరే వినండి అన్నారు.

అప్‌గ్రేడ్ ప్రాబ్లమండీ అన్నాను. పాపం, వెంటనే నమ్మేశారు. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్ముతున్నారు. అదే నాకు భయంగా ఉంది.

జూన్ 16, మధ్యాహ్నం

కరెంటు పోయింది. భవానీపురం మొత్తం పోయినట్టుంది. సిస్టమ్ ఆగింది. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ ఆగింది. పక్క పోర్షన్ వాళ్ల టీవీ ఆగింది.

ఎడమ చెవిలో గుయ్ ఆగలేదు.

చెమటలు కారుతుంటే అలాగే కూర్చున్నాను. కుడి చెవి గట్టిగా మూసుకుని, ఎడమ చెవి పక్కన వేళ్లు రుద్దాను. రుద్దుతున్నానని వేళ్లకి తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు. ఏడ్చాను. భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. కరెంటు వచ్చాక మణికుమార్ చెప్పినట్టు హెడ్‌సెట్ తిప్పి పెట్టుకున్నాను.

మందం కదల్లేదు.

జూన్ 17

రాంబాబు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టారు. బీప్ వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. కుడి చెవికి నొక్కుతూనే ఉన్నాను. ఎడమ చెవికి ఇంకా మొదలుపెట్టలేదనుకున్నాను. అద్దం అవతల అమ్మాయి మాత్రం రాసుకుంటూనే ఉంది.

ఇది ఉన్నట్టుండి వస్తుంది, మీ నాన్నగారిది ఇంజన్ మోత వల్ల వచ్చింది, దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అంది డాక్టరమ్మ. మొదటి రోజుల్లోనే వచ్చుంటే మందులకి బాగా లొంగేదట. ఇప్పుడైనా వాడి చూద్దాం, ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను అంది. ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా అని అడిగింది.

డ్రైవర్లు మార్చానండీ అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. రాంబాబుకి అర్థమైంది. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద దారి పొడవునా తల కుడివైపుకే తిప్పి మాట్లాడాడు. రోడ్డు చూసి నడుపు అని కసిరాను.

జూన్ 19

భానుశ్రీగారికి నిజం చెప్పాను. ఉన్నది ఒక్క గొంతే కదండీ, రెండు పక్కలా ఒకే సౌండ్ వచ్చేలా మోనోలో చేసేయండి, మిగతావి కూడా మీరే చేయాలి అన్నారు. కుడి చెవితో మొదలుపెట్టాను. ఒక్కో ఊపిరినీ మూడేసి సార్లు వింటున్నాను. నా మీద నాకే నమ్మకం లేదు.

జూన్ 22, ఆదివారం

నాన్న ఫోన్ చేశాడు. కావాలనే ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఆయన మాటలేవీ వినిపించలేదు. ఫోన్ బాగోలేదు నాన్నా అనబోయాను. నోటి దాకా వచ్చింది.

కుడి చెవికి మార్చుకుని, నాన్నా, నాకు ఎడమ చెవి వినపడటం లేదు అని అరిచాను.

నాకూ వినపడదమ్మా అన్నాడు.