ఎడమవైపు మెట్లు

తమ్ముడూ,

ఫోన్లో మాట్లాడితే పక్క గదిలోంచి మీ బావ వింటారని ఇలా రాస్తున్నాను. చదవగానే చించెయ్.

ఎడమచెయ్యి పడిపోయాక ఆయన పాటలు వాయించే కీబోర్డు ముట్టుకోలేదు కదా. నువ్వు చెప్పినట్టే, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు సెట్టింగులు మార్చేశాను. ఇప్పుడు స్ప్లిట్‌కి అంటే మెట్లను రెండు భాగాలు చేసే చోటికి ఎడమవైపు ఒక్క మెట్టు నొక్కితే చాలు, కార్డులోని మూడు స్వరాలూ కలిసి పలుకుతాయి. కుడివైపు పియానోతో పాటు వయొలిన్లు కూడా మోగేలా లేయర్ చేశాను, ఆయన తడబడినా ఖాళీ వినపడకుండా. ఆ సాయంత్రం బతిమాలి కూర్చోబెడితే మూడు వేళ్లూ పెట్టారు. నిజంగా నొక్కింది ఒక్క వేలే. "చూశావా, చెయ్యి దారికొస్తోంది!" అన్నారు.

ఇప్పుడేమో మీ ట్రూప్ వాళ్లు ఆదివారం కచేరీకి పిలిస్తే సరేననేశారు. అక్కడ వాయించాల్సింది ట్రూప్ కీబోర్డు. దానిమీద ఒక్క వేలు నొక్కితే ఒక్క స్వరమే వస్తుంది. నలుగురిలో ఆయన మొహం ఎలా అయిపోతుందోనని నాకు అన్నం సహించడం లేదు. నీకు పుణ్యముంటుంది, అందరికంటే ముందు వెళ్లి దాన్నీ ఇలాగే పెట్టు. ఆయనకు మాత్రం తెలియనివ్వకు.

మీ అక్క

ఇంకో మాట. కవరు అంటిస్తుంటే ఆయన వచ్చి నిలబడ్డారు.

"మీ తమ్ముడికేగా? అక్కడ కూడా ఒక్క వేలికే పెట్టమని రాయి. స్ప్లిట్ మాత్రం ఇంకో రెండు మెట్లు కుడికి జరపమను. నా చెయ్యి ఎడమకి అంత దూరం పోవడం లేదు" అన్నారు.

రెండు మెట్లు. మరిచిపోకు.