కొట్టేసిన పేరు

అత్తయ్యకు,

నేను మీ తమ్ముడి కూతుర్ని. మీరు నన్నెప్పుడూ చూడలేదు. మన వంశవృక్షం గీద్దామని నానమ్మ పాత బైబిల్ తెరిచాను. మొదటి పేజీలో రాసిన పిల్లల పుట్టినరోజుల్లో మీ పేరొక్కటే కొట్టేసి ఉంది.

"ఇదెవరు?" అంటే, "నాకేం తెలుసు? నోరూ పుస్తకమూ రెండూ ముయ్యి," అంది నానమ్మ.

నేను ఊరుకునే రకమా? భూతద్దం పెట్టాను. మీ పేరు పక్కన మాత్రమే చిన్న టిక్కులున్నాయి, ముప్పై ఒకటి. మీరు ఇల్లు వదిలి ముప్పై ఒక్క ఏళ్లని నాన్న చెప్పాడు.

చివరి టిక్కు ఆకుపచ్చది. పోయిన నెల, సరిగ్గా మీ పుట్టినరోజునాడు, నా ఆకుపచ్చ పెన్ను మాయమైంది. నిన్న నానమ్మ కళ్లజోడు పెట్టెలో దొరికింది. ఈ ఉత్తరం దాంతోనే రాస్తున్నాను.

వచ్చే టిక్కు మీ ముందే పెట్టించాలని ఉంది. వస్తారా?

మీ మేనకోడలు