నల్లా కాడ రోబో

సైన్స్ టీచర్ భాగ్యశ్రీ గారికి, స్వీటీ వాళ్ల అమ్మ నమస్కారాలు.

బడి సైన్స్ ఎగ్జిబిషన్ కోసం మా పాప గీసిన రోబో బొమ్మను, "రోబో అంటే చంద్రుడి మీదికి పోవాలె గాని, నల్లా కాడ బిందె పట్టుకొని నిలబడుడేంది?" అని మీరు వాపసిచ్చారట. అప్పటినుంచి పిల్ల పెన్సిల్ ముట్టలేదు.

నేను డ్యూటీకి వెళ్లాక నీళ్ల కోసం నిలబడేది స్వీటీయే, టీచర్. బడికి లేటవుతున్నది అందుకే.

బొమ్మ చూసిన పక్కింటి రాజమణమ్మ అయితే, "నా బిందె దాని ఎనకనే పెట్టు బిడ్డా" అని అప్పుడే లైన్లో నంబరు పెట్టేసింది.

దయచేసి ఆ బొమ్మను ఎగ్జిబిషన్‌లో పెట్టనివ్వండి. రోబోను చంద్రుడి మీదికి పంపడానికి కూడా స్వీటీ ఒప్పుకుంది. కాకపోతే, "గాడ నల్లా ఏ టైముకొస్తదో ముందుగాల టీచర్‌ను అడుగు మమ్మీ" అంటోంది.