రిపోర్టు రేపు, ప్రార్థన ఈ రాత్రి

బుధవారం, రాత్రి

మనవరాలు రూతు సికిల్ సెల్ పరీక్షకు మొన్న రక్తమిచ్చింది. రిపోర్టు రేపు. నా కూతుర్ని తీసుకుపోయిన జబ్బే అది.

సాయంత్రం రాజ్‌మా ఒలుస్తూ, జబ్బు లేదని రావాలని ప్రార్థన మొదలెడితే మా రూతు గుంట నవ్వింది.

"రగతంలో ఉన్నది పుట్టినప్పుడే ఉన్నాది గదా అమ్మమ్మా. ఇప్పుడు పార్దన సేసి ఏటి సేత్తావు?"

"దేవుడికి నిన్నా రేపూ లేవే. ఈ రాత్రి ప్రార్థన నువ్వు పుట్టకముందే విన్నాడు," అన్నాను, పాత టీచరు గొంతుతో.

"ఇనేసాడు గదా? అయితే బేగి తొంగో."

అంటూ నేను పడుకోవడానికి చాప పరిచేసింది. నేను మోకరిస్తానని ఆయనకు ముందే తెలిస్తే, మానే వీలు నాకెక్కడిది? మానేస్తే, అప్పుడు ఆయన విన్నదేమిటి? మోకాళ్ళ నొప్పి సంగతి కూడా ముందే తెలిసుండాలే!

మానేసి చూద్దామనుకున్నాను. రూతు పుట్టకముందు ఆయన విన్నది నేనిప్పుడు మానబోయే ఈ ప్రార్థనే అయితే? గోడ పట్టుకుని మోకాళ్ళ మీదికి దిగాను.